ఒక్కరికే చెప్పాలి

ప్రెసిడెంటు అనగానే ఏదో అనుకునేరు, ఏమీ లేదు. పదమూడు మంది ఆడవాళ్ళ సేవా క్లబ్బు అది. ఏడాదికొకరు ప్రెసిడెంటు. మీటింగుకు కుర్చీలు వేసేదీ ఆవిడే, అయిపోయాక మడిచిపెట్టేదీ ఆవిడే. రానివాళ్ళను బతిమాలేదీ, వచ్చి అలిగినవాళ్ళను బుజ్జగించేదీ ఆవిడే. అయితే ఆ పదవికి ఒక్క మర్యాద ఉంది. ఏ ఏటి ప్రెసిడెంటు ఆ ఏడు తనదంటూ ఒక కొత్త పని మొదలుపెట్టాలి. ఏడాది చివర అందరూ చేతులెత్తి ఆ పని ఉండాలో ఊడాలో తేలుస్తారు. పెద్ద టీచరు తన ఏడాదిలో బస్టాపుల్లో బల్లలు వేయించింది. బేకరీ ఆవిడ తన ఏడాదిలో రోడ్డు పొడుగునా మొక్కలు నాటించింది. సగం ఎండిపోయాయి, అయినా ఆ రోడ్డున పోయినప్పుడల్లా మిగిలిన సగాన్నీ వేలుపెట్టి చూపిస్తుంది.

ఈ ఏడాది వంతు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడకు వచ్చింది. ఎన్నికైన రోజు నుంచీ అందరూ ప్రెసిడెంటమ్మ అనే పిలిచారు కాబట్టి మనమూ అలాగే అనుకుందాం. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఉద్యోగం ఒక్కటే. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించడం. కనబడకపోయినా కనబడుతోందని బుకాయించేవాళ్ళను ఎంతమందిని చూసిందో ఆవిడకే తెలియదు. మనుషులకు తమ కష్టం ఒప్పుకోవడం చచ్చేంత కష్టమని ఆ కుర్చీ పక్కన నిలబడే ఆవిడ నేర్చుకుంది.

అందుకని ఆవిడ మొదలుపెట్టిన పని ఫోను.

లైబ్రరీ వెనక మేడమీద విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటుంటే, లైబ్రేరియన్ కాళ్ళావేళ్ళా పడి సంపాదించింది. తానే ఊడ్చి, తానే సున్నం వేసింది. ఒక బల్ల, ఒక కుర్చీ, తీగ ఉన్న పాతకాలపు ఫోను. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా క్లబ్బులో ఎవరో ఒకరు వంతుల ప్రకారం కూర్చుంటారు. ఎవరైనా ఫోను చేయవచ్చు. పేరు అడగరు, ఊరు అడగరు, సలహా ఇవ్వరు. వింటారు, అంతే. బస్సుల్లో, ఆసుపత్రి గోడలమీద, బట్టలుతికే షాపుల దగ్గర కాగితాలు అంటించింది: "ఎవరికీ చెప్పుకోలేనిది మాకు చెప్పుకోండి. ఇక్కడ మాట ఇక్కడే ఉంటుంది." ఆ రెండో వాక్యం రాయడానికి ఆవిడకు నాలుగు రోజులు పట్టింది. ఆ వాక్యం నిలబడితే తన ఏడాది నిలబడినట్టే అనుకుంది. అది పోతే ఏదీ లేదు.

మొదటి వారం ఐదు ఫోన్లు వచ్చాయి. రెండో వారం పంతొమ్మిది. మూడో వారంలో క్లబ్బులో ఉన్న నర్సు ఏడుస్తూ వచ్చింది. తాను విన్నది గుండెల మీద బండలా కూర్చుందనీ, రెండు రోజులుగా ముద్ద దిగడం లేదనీ, ఇక తనవల్ల కాదనీ చెప్పేసింది. నర్సు మానేస్తే ఆ వెనకే ఇంకో నలుగురు మానేస్తారు. ప్రెసిడెంటమ్మ రాత్రంతా ఆలోచించి మర్నాడు మీటింగులో ఒక రూలు పెట్టింది.

"విన్నది ఒక్కరే మోయలేం. కాబట్టి బరువు దించుకోవచ్చు. కాని ఒక్కరికే చెప్పాలి. ఆ ఒక్కరూ మన క్లబ్బు మనిషే కావాలి. రెండో మనిషికి చెప్పామా, ఈ గదికి తాళం పెట్టుకోవాల్సిందే."

అందరూ చప్పట్లు కొట్టారు. "కళ్ళజోళ్ళు అమ్మే మనిషివి కదా, నీకు దూరపుచూపు ఎక్కువే" అని పెద్ద టీచరు మెచ్చుకుంది కూడా.

ప్రెసిడెంటమ్మకు ఆ ఒక్కరు ఎవరో వేరే చెప్పాలా? మందుల వదిన. ఆవిడా క్లబ్బు మనిషే; ప్రెసిడెంటమ్మ ఇంటి కింది వాటాలో ఉంటుంది, వీధి చివర మందుల షాపు ఆమెది. చుట్టరికం ఏమీ లేదు. పదిహేనేళ్ళ కిందట మెట్లమీద ఎదురుపడి "వదినా" అని ఈవిడంటే, "చెప్పు వదినా" అని ఆవిడంది. ఇక అంతే, ఇద్దరూ ఒకరికొకరు వదినలు. ప్రెసిడెంటు పదవికి నిలబడమని పోరింది మందుల వదినే. "నువ్వు ఊఁ అను, మిగతావాళ్ళతో ఊఁ అనిపించే పూచీ నాది" అంది. అనిపించింది కూడా. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, మరి.

సాయంత్రం ఆరున్నరకు ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవారు. ఆ నడకలో బరువులు దించుకునేవారు. ప్రెసిడెంటమ్మ విన్నది వదినకు, వదిన విన్నది ప్రెసిడెంటమ్మకు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని బయల్దేరి సాయంత్రం దాకా వంతెన పక్కన కూర్చునే ఆవిడ సంగతి అలాగే తెలిసింది. "అయ్యో పాపం" అనుకునేవారు. "ఆ డబ్బాలో ఏం పట్టుకెళుతుందో అడగలేకపోయావా" అని నవ్వుకునేవారు కూడా. దాచడమెందుకు, ఆ అరగంట నడక కోసం ప్రెసిడెంటమ్మ రోజంతా ఎదురుచూసేది.

ఎందుకంటే ఇంట్లో ఆవిడతో మాట్లాడే మనిషి లేడు.

మొగుడున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని. మంచివాడే, తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. పదవి తీసుకున్న రోజు రాత్రి అన్నం ముందు కూర్చుని అడిగాడు, "క్లబ్బు కావాలా, నేను కావాలా?" అని. ఈవిడ నవ్వి "రెండూ కావాలి" అంది. సరసంగా ఉంటుందనుకుంది. ఆయన కంచం తోసి లేచాడు. ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే చిన్న కాగితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటిస్తాడు. "పాలు అయిపోయాయి." "రేపు ఆలస్యం." "చొక్కా గుండీ." ఊరందరి గోడూ వినే ఏర్పాటు చేసిన మనిషికి సొంత ఇంట్లో గొంతు వినబడదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా!

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వదినకు కూడా. ముఖ్యంగా వదినకు. పదవికి నిలబెట్టిన మనిషి ముందు ఆ పదవివల్లే కాపురం ఇలా తగలడిందని ఎలా చెప్పడం? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నోరు కట్టుకుంది. ఒక నెల, రెండు నెలలు, ఏడు నెలలు.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. కళ్ళ డాక్టరు భోజనానికి వెళ్ళాడు. ప్రెసిడెంటమ్మ షాపు ఫోను తీసి, తాను గోడగోడకూ అంటించిన నంబరుకు తానే ఫోను చేసింది. నవ్వొస్తే నవ్వండి. ఆ రోజు నర్సు వంతు. నర్సు నెమ్మదస్తురాలు, తన గొంతు అంతగా ఎరగదు, పైగా కర్చీఫు అడ్డం పెట్టుకుంది.

"హలో" అంది.

"చెప్పండమ్మా. ఇక్కడ మాట ఇక్కడే ఉంటుంది" అంది అవతలి గొంతు.

నర్సు కాదు. మందుల వదిన. వంతులు మార్చుకున్నారు కాబోలు. పెట్టేద్దామనుకుంది. వేలు మీటమీదికి కూడా పోయింది. కాని ఆ గొంతు "తొందరేం లేదమ్మా, మీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పండి" అంది. "మీకు" అంది. "అమ్మా" అంది. పదిహేనేళ్ళలో వదిన నోటివెంట తనకు ఒక్క "మీరు" రాలేదు. గుర్తుపట్టలేదన్నమాట! అంతే, కట్ట తెగింది. నలభై నిమిషాలు చెప్పింది. ఫ్రిజ్జు సంగతి చెప్పింది. "మా ఇంట్లో ఆ ఫ్రిజ్జుకు దక్కినన్ని మాటలు కూడా నాకు దక్కవండీ" అని చెప్పి భోరుమంది. ఆయన చొక్కా మీద ఊడిపోయిన గుండీ కుడుతూ ఆ చొక్కాతో మాట్లాడుకున్నానని కూడా చెప్పింది. అవతల వదిన ఊఁ కొడుతూ, మధ్యలో తానూ ఒకసారి ముక్కు చీదుతూ విన్నది.

ఆ సాయంత్రం ఇద్దరూ మామూలుగానే కలిసి నడిచారు. "ఇవాళేమైనా ఫోన్లు వచ్చాయా?" అని ప్రెసిడెంటమ్మ బిత్తరచూపులు చూస్తూ అడిగింది. "ఆఁ, ఏముంది, ఎవరో రాంగ్ నంబరు చేశారంతే" అని వదిన టమాటాల ధర ఎత్తుకుంది. ప్రెసిడెంటమ్మకు ఆ నిమిషాన వదినమీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం. తనకు కూడా చెప్పలేదంటే ఎంత గట్టి మనిషి! తన గుట్టు ఇలాంటి చేతుల్లో పడినందుకు పొంగిపోయింది. ఆ రాత్రి చాలా నెలల తర్వాత హాయిగా నిద్రపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు ఆవిడకు పట్టిందల్లా బంగారం. పెద్ద టీచరు, లెక్కకు మించి ఒక్క మాట మాట్లాడని మనిషి, రోజూ ఫోను చేసి "ఊరికేనమ్మా, ఎలా ఉన్నావో కనుక్కుందామని" అనేది. క్లబ్బులోనే ఉన్న కుట్టు టీచరు షాపుకొచ్చి, కళ్ళజోడు అవసరం లేకపోయినా గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పేది. మీటింగులో ఈవిడ నోరు తెరిస్తే చాలు, అందరూ మాటలాపి ఇంతింత కళ్ళు చేసుకుని వినేవారు. కుర్చీలు వాళ్ళే మడిచేవారు. తన పని ఫలించిందనీ, పదిమందికీ తనంటే ప్రేమ పుట్టిందనీ ప్రెసిడెంటమ్మ నమ్మింది. పిచ్చిది.

పదో నెలలో ఒక పొద్దున రొట్టె కొనడానికి బేకరీకి వెళ్ళింది. బేకరీ ఆవిడ రొట్టె పొట్లం కట్టి, దానిమీద అడక్కుండానే ఇంకో నాలుగు బిస్కెట్లు పెట్టి, చెయ్యి పట్టుకుంది.

"ఓపిక పట్టమ్మా. నువ్వు గనక మోస్తున్నావు. మాటలకు మొహం వాచిపోయి ఉంటావు. ఇంట్లో ఫ్రిజ్జుకు దక్కిన మాటలు కూడా మనిషికి దక్కకపోతే ఎట్లా!"

ప్రెసిడెంటమ్మ చేతిలో పొట్లం చేతిలోనే ఉండిపోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

బేకరీ ఆవిడ తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. "అయ్యో... తప్పుగా అనుకోకు. బయట ఎవ్వరికీ తెలియదు. నాకొక్కదానికే చెప్పారు."

"ఎవరు?"

"కుట్టు టీచరు."

అక్కడ మొదలుపెట్టింది నడక. కుట్టు టీచరు పాఠం మధ్యలో బయటికొచ్చి, నోట్లోంచి గుండుసూదులు తీసి, "నాకొక్కదానికే చెప్పింది నర్సు. నేను ఒక్కరికే చెప్పాను" అంది. నర్సు ఆసుపత్రి మెట్లమీద నిలబడి, "మందుల వదిన చాలా బాధపడుతూ నాకొక్కదానికే చెప్పిందండీ. నేనూ ఒక్కరికే" అంది. ఒక్కరూ తప్పు చేసిన మొహం పెట్టలేదు. పైగా అందరూ ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కారు. ఆ చేతులన్నీ విదిలించుకోవాలనిపించింది. రెండు నెలలుగా తాను పొందిన ప్రేమంతా జాలే.

మందుల షాపుకు చేరేసరికి పన్నెండయింది. వదిన కౌంటరు వెనక ఎవరికో దగ్గు మందు ఇస్తోంది.

"నేనని నీకు తెలుసా?" అని అడిగింది ప్రెసిడెంటమ్మ, ఉపోద్ఘాతం లేకుండా.

వదిన దగ్గు మందు సీసా కాగితంలో చుట్టి, "రోజుకు మూడుసార్లు, అన్నం తిన్నాక" అని ఆ మనిషికి చెప్పి, అతను పోయేదాకా ఆగింది. 

"హలో అన్నప్పుడే తెలుసు. పదిహేనేళ్ళ గొంతు, కర్చీఫుకు ఆగుతుందా?"

"మరి 'మీరు' అని, 'అమ్మా' అని అన్నావు..."

"అననిదే చెబుతావా నువ్వు? పెట్టేసి ఉండేదానివి."

"తెలిసీ నలభై నిమిషాలు నా చేత చెప్పించావు. తెలిసీ ఆ సాయంత్రం నా పక్కన నడుస్తూ టమాటాల గురించి మాట్లాడావు!"

"ఇంకేం మాట్లాడమంటావు? ఏడు నెలలు నా దగ్గర దాచావు నువ్వు" అంది వదిన.  "రోజూ పక్కనే నడుస్తున్నాను కదా. నాకు చెప్పకుండా ముక్కూ మొహం తెలియని ఫోనుకు చెప్పుకున్నావు. ఆ ఫోను పట్టుకుని నేనెంత కుమిలిపోయానో నీకేం తెలుసు? మోయలేకపోయాను. మామూలుగా నీకే దించేదాన్ని. నీ సంగతి నీకే ఎలా దించను? అందుకని నర్సుకు చెప్పాను. ఒక్క నర్సుకే. రూలు పెట్టింది నువ్వే కదా వదినా."

"నర్సు కుట్టు టీచరుకు చెప్పింది."

"ఒక్కరికే కదా."

"కుట్టు టీచరు బేకరీ ఆవిడకు చెప్పింది!"

"అదీ ఒక్కరికే కదా. ఎవరు రూలు తప్పారో చూపించు" అంది వదిన. "పోనీ, వంతెన పక్కావిడ సంగతి నేను నీకు చెప్పాను. నువ్వెవరికీ చెప్పలేదా?"

ప్రెసిడెంటమ్మ కూడా చెప్పింది. పెద్ద టీచరుకు. అది తాను విన్న ఫోను కాదుగా, వదిన విన్నది. తనకూ బరువుగానే ఉంది. ఒక్కరికేగా అని చెప్పింది.

ఇంటికొచ్చి కూర్చుంది. అన్నం వండలేదు. తనను నట్టేట ముంచింది వదినే, అందులో సందేహం లేదు. ఆ నలభై నిమిషాల్లో తానన్న ప్రతి మాటా మళ్ళీ తలుచుకుంది. తిట్టి ఉంటే బాగుండేది, నవ్వి ఉంటే బాగుండేది, తెలియనట్టు ఊఁ కొట్టడమే భరించలేకపోయింది. కాని ఆ బాధ వెనకే ఇంకో బాధ తోసుకుంటూ వచ్చింది. తన సంగతే ఇలా ఒక్కొక్కరుగా క్లబ్బులో పన్నెండు మందికీ పాకితే, ఈ పది నెలల్లో ఫోను చేసిన ఆ నాలుగు వందల పైచిలుకు ఆడవాళ్ళ సంగతి? వాళ్ళకు ఈ సంగతి చెప్పేవాళ్ళెవరు? వాళ్ళెవరూ బేకరీకి వచ్చి చెయ్యి నొక్కించుకోలేదు కాబట్టి తెలియదు, అంతే. తనను వదిన మోసం చేసింది ఒక్కసారి. తాను వాళ్ళందరినీ గోడగోడకూ కాగితం అంటించి మరీ మోసం చేసింది. సాయంత్రం ఫ్రిజ్జుమీద కాగితం కనిపించింది: "అన్నం లేదా?"

ఏడాది చివరి మీటింగు. పదమూడు కుర్చీలు. ప్రెసిడెంటమ్మ లేచి నిలబడింది.

"ఓటు వేసే ముందు ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పండి. వంతెన పక్కన టిఫిన్ డబ్బాతో కూర్చునే ఆవిడ సంగతి ఎంతమందికి తెలుసు?"

చేతులు లేచాయి. దాపరికం లేదు, బెరుకు లేదు, బళ్ళో పిల్లలు జవాబు తెలిసి ఎత్తినట్టు ఎత్తారు. పన్నెండు. ప్రెసిడెంటమ్మ తన చెయ్యి కూడా ఎత్తింది. పదమూడు.

"ఆవిడ ఒక్కరికే చెప్పుకుంది" అంది.

 ఇప్పుడు అర్థమవుతుంది, ఇప్పుడు సిగ్గుపడతారు అని ఆవిడ ఎదురుచూసింది. పెద్ద టీచరు గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్, మనలో మనమే కదా. గది దాటిందా? గడప దాటిందా? క్లబ్బు దాటలేదు. నిజానికి మన రూలు ఎంత బాగా పనిచేసిందో ఇదే సాక్ష్యం."

"రేపు మీరెవరైనా ఫోను చేసుకోవాల్సి వస్తే?"

"మాకేం ఖర్మ!" అంది బేకరీ ఆవిడ, అని వెంటనే నాలుక కరుచుకుంది. అందరూ నేలచూపులు చూశారు. ఆ నేలచూపులే ప్రెసిడెంటమ్మకు పుండుమీద కారం చల్లినట్టయ్యాయి.

"ఫోను తీసేద్దాం" అంది. "ఆ వాక్యం అబద్ధమైపోయింది. తీసేద్దాం, లేదా ఆ రూలైనా తీసేద్దాం. ఒక్కరికి కూడా చెప్పొద్దు."

"అప్పుడు ఎవరు వింటారు?" అంది నర్సు. "నేను మానేస్తాను." "నేనూ" అంది ఇంకొకరు. "నేనూ."

ఓటు పెట్టారు. ఫోను ఉన్నది ఉన్నట్టే ఉండాలా అంటే పన్నెండు చేతులు లేచాయి. వద్దని లేచింది ఒక్కటే. క్లబ్బు పుట్టినప్పటినుంచీ ఏ ప్రెసిడెంటు పనికీ అన్ని ఓట్లు రాలేదు, తన పనిని తానే ఓడించాలని చూసిన ప్రెసిడెంటూ లేదు. ఆ వెంటనే వచ్చే ఏటి ప్రెసిడెంటుగా మందుల వదిన పేరు పెట్టారు, చప్పట్లు కొట్టారు. వదిన లేచింది. కళ్ళనిండా నీళ్ళు.

"మన ప్రెసిడెంటమ్మ ఈ ఏడాది ఎన్ని కష్టాల మధ్య పనిచేసిందో మనందరికీ తెలుసు" అంది. "ఇంట్లో పలకరించే దిక్కు లేకపోయినా మనందరినీ పలకరించింది. ఆ ఫోను ఆవిడ బిడ్డ. ఆ బిడ్డను నేను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను. మాటిస్తున్నాను."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ప్రెసిడెంటమ్మ ఆ చప్పట్ల మధ్య నవ్వుతూ నిలబడాల్సి వచ్చింది. జీవితంలో అంత ఒంటరిగా ఆవిడ ఎప్పుడూ నిలబడలేదు.

మర్నాడు మధ్యాహ్నం గది తాళంచెవి అప్పగించాలి. రెండింటికి మందుల వదిన వంతు. వదిన ఇంకా రాలేదు. బల్లమీద దుమ్ము తుడుస్తుంటే ఫోను మోగింది. మోగనిద్దామనుకుంది. తొమ్మిదోసారి దాకా మోగనిచ్చింది, ఇక మనసు ఒప్పక తీసింది.

"అండీ, ఒక మాట చెప్పుకోవాలండీ. ఎవరికీ చెప్పలేనిది" అంది అవతల ఒక ఆడగొంతు. చిన్నపిల్ల కాదు, పెద్దావిడా కాదు. వెనక నీళ్ళు పడుతున్న చప్పుడు. వినబడకుండా కుళాయి విప్పుకుని మాట్లాడుతోంది. "అదీ... మొన్న మా ఇంట్లో..."

"ఆగమ్మా" అంది ప్రెసిడెంటమ్మ. "చెప్పకు. ఇక్కడ చెబితే పదమూడు మందికి తెలుస్తుంది."



"గోడమీద అలా రాయలేదే?"

"రాసింది నేనే. అబద్ధం రాశాను. నేనూ నమ్మి ఫోను చేశాను. నా సంగతి మిగతా పన్నెండు మందికీ తెలిసింది."

పెట్టేస్తుందనుకుంది. పెట్టేస్తే మంచిదే అనుకుంది. కాని అవతలి మనిషి ఒక చిన్న నవ్వు నవ్వింది, ఏడుపులో కలిసిన నవ్వు.

"ఇన్నాళ్ళలో నాకు నిజం చెప్పింది మీరొక్కరేనండీ. మీరు వినండి. మిగతా పన్నెండు మందికీ చెప్పాలా వద్దా మీ ఇష్టం."

చెప్పింది. ఇరవై నిమిషాలు. ఏం చెప్పిందని అడక్కండి. ఈ కథలో అది లేదు, ఉండదు.

ఫోను పెట్టేసరికి మందుల వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపైందో తెలియదు. ప్రెసిడెంటమ్మ చెంపలు తడిసి ఉండటం మాత్రం చూసింది. గబగబా వచ్చి భుజంమీద చెయ్యి వేసింది.

"ఎవరు వదినా? ఏమంది? అయ్యో, మొహం చూడు ఎలా అయిపోయిందో. దించుకో. నాకు చెప్పు."

"రాంగ్ నంబరు."

"ఇరవై నిమిషాలా?" వదిన చెయ్యి తీసేసింది. మొహం చిన్నబోయింది. నిజంగానే చిన్నబోయింది, నటన కాదు. "నాకు కూడా చెప్పవా? నన్ను కూడా నమ్మవా వదినా?"

పదిహేనేళ్ళ స్నేహం ఆ ప్రశ్నలో ఉంది. ప్రెసిడెంటమ్మ తాళంచెవి బల్లమీద పెట్టింది.

"నమ్మను వదినా" అంది.

తలుపు దాకా వెళ్ళేసరికి వెనక మళ్ళీ ఫోను మోగింది. మెట్లు దిగుతుంటే వదిన గొంతు వినబడింది, ఎంతో తియ్యగా, ఎంతో ప్రేమగా.

"చెప్పండమ్మా. ఇక్కడ మాట ఇక్కడే ఉంటుంది."